పొలము నుండి ఇంటికి వచ్చిన అపాయములు

ప్రతి మాసమును ఈ పుటలలో మేము విత్తనములను గూర్చియు, ఎరువులను గూర్చియు, అప్పుల వాయిదాలను గూర్చియు వ్రాయుచుందుము. ఈ మాసము పొలమును విడిచి రైతు ఇంటిలోనికి తొంగిచూడ దలచితిమి. గృహములలోని అపాయములని పుస్తకములలో వ్రాయునపుడు పొయ్యి, మెట్లు, స్నానపు గది మొదలగువానిని చెప్పుదురు. మన యిండ్లలోను పొయ్యి కలదు, నూతిగట్టు కలదు. వాని సంగతి మన యాడువారికి మాకంటె బాగుగా తెలియును. మేము చెప్పబోవునది వేరు. రైతు ఇంటిలో ప్రాణము తీయు వస్తువులలో పెక్కు ఇంటికొరకు తెచ్చినవి కావు. అవి పొలముకొరకు కొనబడి, పని ముగిసిన పిదప మిగిలి, వేరొక చోటు లేక గడప దాటి లోనికి వచ్చినవి. పురుగుమందు అట్లు వచ్చును. ధాన్యము వెంట ఎలుకయు, ఎలుక వెంట పామును అట్లే వచ్చును. కంచెకు చుట్టగా మిగిలిన ఇనుప తీగె దొడ్డిలో బట్టల దండెమగును.

వీనిలో మందు సంగతి మొదట చెప్పెదము. దానికే ఎక్కువ చోటు కావలెను.

ఏ గ్రామమునకైనను పోయి చూడుడు. వంటయింటి అటకమీద, వసారా చూరులో, మంచము క్రింద, గోడగూటిలో, సగము వాడిన డబ్బా యొకటి కనబడును. ఇక్కడ నేల పెట్టితివని యడిగిన, “బయట పెడితే ఉంటుందాండీ, అంత డబ్బు పోసి కొన్నది” అని రైతు బదులు చెప్పును. మాట నిజమే. మందు వెల యెక్కువ, పొలము వద్ద తాళము వేయు గది లేదు. కాని పసిబిడ్డకు డబ్బా వెల తెలియదు. పాకుచు వచ్చి, రంగు మూత కనబడగానే నోట బెట్టుకొనును. పెద్దవారికి గూడ రాత్రివేళ దీపము లేనప్పుడు ఒక సీసాకును మరియొక సీసాకును భేదము తెలియదు.

అన్నిటికంటె చెడ్డ అలవాటు మందును వేరొక సీసాలోనికి వంచుకొనుట. ప్రక్క రైతు కొంచెము మందు అడుగును. చేతికి అందిన కూల్‌డ్రింకు సీసాలోనో, మంచినీళ్ళ సీసాలోనో పోసి యిత్తుము. తైవాను పంపుకు వేయవలసిన పెట్రోలును అట్టి సీసాలోనే తెత్తుము. ఆ సీసాకు పేరు లేదు, గుర్తు లేదు. ఎండనపడి వచ్చిన కుఱ్ఱవాడు దానిని చూచి దప్పి తీర్చుకొనవలెనని యెత్తినచో తప్పు వానిది కాదు. త్రాగుట కేర్పడిన సీసాలో త్రాగరాని దానిని పోయకూడదు. ఈ యొక్క నియమము ఇంటిలో అందఱును పాటించినచో, ఈ వ్యాసములో తక్కినది చదువకపోయినను మేము కోపగింపము.

ఖాళీ డబ్బా మాట కూడ నిట్టిదే. డబ్బా గట్టిది, మూత బిగువుగా నుండును. పాఱవేయుటకు మనసు రాదు. కడిగి నూనె పోయుదురు, ఉప్పు పోయుదురు, కూలీలకు నీళ్ళు పంపుదురు. 2013 జులైలో బీహారులోని సారణ్ జిల్లా గండామన్ గ్రామమున బడిలో మధ్యాహ్న భోజనము తిని 23 మంది పిల్లలు చనిపోయిరి. వంటనూనెలో మోనోక్రోటోఫాసు కలిసియున్నట్లు పరీక్షలో తేలినది. అంతకుముందు పురుగుమందు ఉన్న డబ్బాలో ఆ నూనె నుంచిరని అధికారులు చెప్పిరి. కడిగిన డబ్బాయే గదా యని మనము సమాధానము చెప్పుకొనుచుందుము. మందు డబ్బా గోడలలోనికి ఇంకియుండును, కడుగుడుకు పోదు. ఖాళీ యైన వెంటనే పొలము వద్దనే మూడుమార్లు నీళ్ళు పోసి కుదిపి, ఆ నీటిని పంపులోనే పోసి పైరుమీద చల్లివేయవలెను. తరువాత డబ్బాకు మేకుతో నాలుగైదు తూట్లు పొడువవలెను. తూట్లు పడిన డబ్బాలో ఎవరును నూనె పోయరు.

డబ్బాపై లేబులు చదువుటకు అక్షరములు చిన్నవి, భాష కఠినము. ఐనను చదువురానివారికి గూడ పనికివచ్చు గుర్తు ఒకటి కలదు. ఒక మూలపై నిలిపిన చదరమును అడ్డముగా రెండు భాగములు చేసి, క్రింది భాగమునకు రంగు వేయుదురు. ఎఱుపు అన్నిటికంటె ఘోరమైన విషము. తరువాత పసుపు, ఆ తరువాత నీలము, చివరకు ఆకుపచ్చ. ఆకుపచ్చ యున్నంతమాత్రమున మంచినీరు కాదు. విషము తక్కువ యని మాత్రమే. పైభాగమున పుఱ్ఱె బొమ్మ ఉన్న డబ్బాను ఇంటిలో పెట్టుకొనుటకు ఏ కారణమును చాలదు.

ఇంక ధాన్యములో వేయు బిళ్ళలు. పుచ్చు పట్టకుండ అపరాల బస్తాలలో అల్యూమినియం ఫాస్ఫైడు బిళ్ళలు వేసి, ఆ బస్తాలను పడకగదిలో పేర్చి, తలుపులు మూసి నిద్రించువారు కలరు. ఇది యెంత సాహసమో వారికి తెలియదు. గాలిలోని తేమ తగిలినంతనే బిళ్ళ నుండి ఫాస్ఫీను అను విషవాయువు బయలుదేఱును. మూడు గ్రాముల బిళ్ళ నుండి ఒక గ్రాము వాయువు వచ్చును. ఆ వాయువు కంటికి కనబడదు. బస్తాను దాటును, తలుపు సందులను దాటును, ప్రక్కగదిలో పండుకొన్న పిల్లలను చేరును. దానికి విరుగుడు లేదు. ఈ కారణముచేతనే ప్రభుత్వ సంస్థలకును, అనుమతి పొందిన పురుగునివారణ పనివారికిని తప్ప ఇతరులకు దీనిని విక్రయింపరాదని నియమము కలదు. అయినను సంతలో దొరకుచున్న దనిన, కొనువారు ఉన్నారు గనుకనే. గింజను బాగుగ నెండబెట్టి, తేమ నూటికి 12 పాళ్ళకు దింపి, గాలి చొరని సంచిలో బిగించి కట్టినచో లోనున్న పురుగు ఊపిరాడక తానే చచ్చును. ఆ సంచులు ఇప్పుడు దొరకుచున్నవి. సంఘమువారు మొత్తముగా తెప్పించినచో వెల తగ్గును.

ఎవరైనను మందు మ్రింగినను, మైమీద పోసికొనినను ఏమి చేయవలెనో ముందే తెలిసియుండవలెను. ఆ సమయమున ఆలోచన తోచదు. మైమీద పడినచో బట్టలు విప్పి సబ్బుతో విస్తారముగ కడుగవలెను; కడుగువారు చేతులకు ప్లాస్టికు సంచులనైన తొడుగుకొనవలెను. మ్రింగినచో వాంతి చేయింపరాదు. ఉప్పునీళ్ళు, చింతపండు రసము, పేడనీళ్ళు పట్టించుట మన పల్లెలలో వాడుక; ఇవన్నియు చెడ్డవే. వాంతిలో విషము ఊపిరితిత్తులలోనికి దిగి రెండవమారు చంపును. కిరసనాయిలు, పెట్రోలు విషయములో ఇది మఱింత నిజము. స్పృహ తప్పినవానిని ప్రక్కకు తిప్పి పండబెట్టి, 108కి ఫోను చేసి, డబ్బాను లేబులుతో సహా ఆసుపత్రికి తీసికొనిపోవలెను. ఏ మందో తెలిసినచో వైద్యునికి సగము పని తీరును. చొంగ కారుట, చెమట, కంటిపాప సూదిమొనవలె చిన్నదగుట చూచి కొన్నిజాతుల పురుగుమందులను వైద్యులు గుర్తింపగలరు. వానికి అట్రోపిను అను విరుగుడు కలదు. పారాక్వాట్ వంటి కలుపుమందుకు అట్టి విరుగుడు లేదు.

ఇంతవరకు పొరపాటున జరుగు మరణములను గూర్చి చెప్పితిమి. పొరపాటు కానివి కూడ ఉన్నవి. దానిని గూర్చి సంఘ పత్రికలో వ్రాయుట మర్యాద కాదని కొందఱు తలంతురు. మేము అట్లు తలంపము. పంట పోయిన రోజున, ఇంటిలో మాట పెరిగిన రాత్రి, అప్పులవాడు గడపలో నిలిచి నలుగురిలో అవమానించిన సాయంకాలమున, చేయి చాచిన దూరములో మందు ఉండుటయు లేకపోవుటయు ఒకటి కాదు. ఆ ఘడియ దాటినచో మనుష్యుడు బ్రతుకును. మఱునాడు తానే దానిని తలచి సిగ్గుపడును. శ్రీలంక ప్రభుత్వము మిక్కిలి విషమైన మందులను వరుసగా నిషేధింపగా, 1995 తరువాత ఇరువది యేండ్లలో ఆ దేశమున ఆత్మహత్యల పాలు సుమారు 70 శాతము తగ్గినది. అక్కడి రైతుల కష్టములు ఆ యిరువది యేండ్లలో తీరిపోలేదు. చేతికందు విషము తగ్గినది, అంతే.

ఇంటికొక తాళపు పెట్టె ఇచ్చిన చాలదా యని యడుగవచ్చును. ఆ శ్రీలంకలోనే 180 గ్రామములలో ఈ ప్రయత్నము చేసి చూచిరి. సగము గ్రామములలో ఇంటింటికి తాళపు పెట్టెలు పంచిరి. వానివలన విషము త్రాగువారి సంఖ్య తగ్గినట్లు కనబడలేదని 2017లో ఫలితము ప్రకటించిరి. పిల్లల చేతికి అందకుండుటకు పెట్టె మంచిదే, దానిని మేము వద్దనము. కాని తాళపుచెవి ఇంటిలోనే యున్నప్పుడు తాళము పెద్దవారి నాపదు. మందు ఇంటిలో ఉండనే కూడదు.

మఱి యెక్కడ నుండవలెను? ఈ ప్రశ్న సంఘముల ముందరికి రావలెనని మా కోరిక. తమిళనాడులో వైద్యులు కొందఱు రెండు గ్రామములలో ఊరుమ్మడి మందుగది నొకదానిని ఏర్పఱచిరి. అందులో బ్యాంకు లాకర్ల వంటి అరలు. రైతు తన మందును తన యరలో నుంచి, పిచికారీ చేయు రోజున తీసికొనిపోవును. రైతులు దానిని ఉపయోగించుకొనిరనియు, విషము త్రాగుట తగ్గెననియు 2013లో వ్రాసిరి. రెండు గ్రామముల లెక్క చిన్నదే. దానినిబట్టి గొప్పలు చెప్పుకొనము. ఐనను గిడ్డంగి, గుమాస్తా, తాళము, పుస్తకము ఈ నాలుగును మన సంఘములలో చాలవానికి ఇదివఱకే కలవు. గోడవారగా అరలు కట్టించుటయే కావలసినది.

ఆ గది మాత్రము ధాన్యమునకును, విత్తనములకును, ఎరువులకును వేరుగా ఉండవలెను. 1958లో కేరళమునకు ఓడలో వచ్చిన గోధుమపిండి, దానితోపాటు ఎక్కించిన పారాథియాను కారి తడియగా, ఆ పిండి తిని నూరుమందికి పైగా చనిపోయిరి. మన దేశమున పురుగుమందుల చట్టము 1968లో వచ్చుటకు ఆ దుర్ఘటనయు ఒక కారణము. ఒకే కప్పు క్రింద తిండిని, విషమును ఉంచరాదని ఇంతకంటె గట్టిగా చెప్పనక్కఱలేదు. గాలి వచ్చునట్లు కిటికీలు, నేలకు ఎత్తుగా అరలు, ఒలికినచో చల్లుటకు ఇసుక, చేతులు కడుగుటకు నీళ్ళు, సబ్బు ఉండిన చాలును. ఇంకొక మాట. రైతు ఋతువు ఆరంభముననే అప్పుమీద పెద్ద డబ్బా కొనుటచేత గదా మందు మిగులుచున్నది. కావలసినప్పుడు చిన్న ప్యాకెట్టు దొరకునను నమ్మకము సంఘము కలిగించినచో మిగులుటయు తగ్గును, అప్పును తగ్గును.

ఇంటిలో ఎవరైనను మాటలాడక మూల కూర్చుండి, అన్నము మాని, చావు మాట యెత్తినచో దానిని వేషమని కొట్టివేయక దగ్గఱ కూర్చుండి వినవలెను. ఒంటరిగా విడువరాదు. 14416 అను సంఖ్యకు రాత్రియైనను పగలైనను ఉచితముగా ఫోను చేయవచ్చును. తెలుగులో మాటలాడువారు కలరు.

మందు మాట ఇంతటితో చాలింతము. ధాన్యము ఇంటిలోనికి వచ్చిన పిదప ఎలుక వచ్చుట తప్పదు. ఎలుకకొఱకు జింకు ఫాస్ఫైడు కలిపిన నూకలను మూలలలో చల్లు ఇండ్లు ఉన్నవి. అది కడుపులోనికి పోయి పైన చెప్పిన ఫాస్ఫీను వాయువునే పుట్టించును. కోడియైనను పిల్లవాడైనను దానికి భేదము లేదు. ఇంటిలో బోనులు పెట్టుట మేలు. బస్తాలను గోడకు ఆనింపక, జానెడు ఎత్తు బల్లలమీద పేర్చినచో ఎలుక దాగుటకు చోటుండదు, పిల్లికి దారి యుండును. జెఱ్ఱిపోతును చూచిన వెంటనే కఱ్ఱ తీసికొనువారు మనలో పెక్కుమంది. దానికి విషము లేదు. ఎలుకలను మ్రింగుటలో దానికి సాటి లేదు. దానిని చంపినవాడు తన గాదెకు కాపలాదారుని చంపుకొన్నట్లే.

ఎలుక వెంట వచ్చు పాములలో ఇంటివారికి ఎక్కువ భయము కట్లపాము వలన. నాగుపాము పడగ విప్పి బుస కొట్టి హెచ్చరించును. రక్తపింజర పొలము గట్లమీద కుక్కరు కూతవంటి బుసతో తన ఉనికి చెప్పును. కట్లపాము రాత్రివేళ సద్దు లేక వచ్చి, నేలమీద పండుకొన్నవారి ప్రక్కలో చేరి కఱచును. నొప్పి యుండదు, గాటు కనబడదు. దోమ కుట్టినదని తలచి మరల నిద్రించినవాడు తెల్లవారుసరికి కడుపునొప్పి యని లేచును, కనుఱెప్పలు వాలిపోవును, మాట ముద్దగును, పిదప ఊపిరి ఆడదు. కావున నేలమీద పండుకొన్నవానికి తెల్లవారుజామున కారణము లేక కడుపునొప్పి వచ్చి, ఱెప్పలు వాలినచో పాము కనబడకున్నను పాముకాటనియే తలచి ఆసుపత్రికి కొనిపోవలెను. మంచముమీద పండుకొని, దోమతెర కట్టి, దాని అంచులను పఱుపు క్రిందికి దోపుకొనినచో ఈ పాము భయము చాలవఱకు తీరును. దోమలకొఱకు కొన్న తెర పామును గూడ ఆపుట లాభమే.

2000 మొదలు 2019 వఱకు మన దేశమున పాముకాటువలన సుమారు 12 లక్షలమంది చనిపోయిరని 2020లో పరిశోధకులు లెక్క కట్టిరి. ఎక్కువ మరణములు గల రాష్ట్రములలో ఉమ్మడి ఆంధ్రప్రదేశము కూడ చేరియున్నది. కాటుపడినచోట కోయుట, నోటితో పీల్చుట, త్రాడు బిగించి కట్టుట చేయరాదు. బిగించిన కట్టువలన కాలు చెడును. కఱచిన కాలికో చేతికో బద్ద కట్టి కదలకుండ చేసి, రోగిని నడిపింపక, మోసికొనియైనను వాహనముమీదనైనను ఆసుపత్రికి చేర్పవలెను. మంత్రమునకు పోవు గంట ఆసుపత్రిలో రెండు దినముల పనిని చెడగొట్టును. అక్కడ ఇచ్చు విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర ఈ నాలుగింటికిని పనిచేయును. దానిని తయారుచేయుటకు వలయు విషములో అధికభాగము మద్రాసునకు దక్షిణమున ఇరుళ జాతివారు 1978లో స్థాపించుకొన్న సహకార సంఘము నుండియే చాలకాలముగ వచ్చుచున్నది. ఒకనాడు చర్మములకై పాములను చంపినవారే సంఘముగా నేర్పడి, పామును పట్టి, విషము తీసి, మరల అడవిలో విడుచుచున్నారు. సహకారమువలన ఏమగునని యడుగువారికి ఈ మాట చెప్పవచ్చును.

ఇక తీగె. కరెంటువలన ఇంటిలో జరుగు మరణములలో బట్టల దండెమువలన జరుగునవి మిక్కిలి జాలి గొలుపును. పందిరికో కంచెకో కొన్న జి.ఐ. తీగె మిగులును. తుప్పు పట్టదు, సాగదు గనుక దానిని ఇంటి గోడకొక మేకుకును, దొడ్డిలో ఇనుప స్తంభమునకును కట్టుదురు. ఆ గోడమీదుగానే స్తంభము నుండి ఇంటికి కరెంటు తీగె వచ్చును. గాలికి ఒఱసి ఒఱసి దాని తొడుగు అరుగును. ఒక వానరోజున అది దండెమునకు తగులును. ఇల్లాలు తడి చీర ఆరవేయుటకు చేయి పెట్టును. ఆమె కేకకు భర్త పరుగెత్తివచ్చి పట్టుకొనును, వెనుక కొడుకు వచ్చును. ఒకే దండెమువద్ద ఇద్దరు ముగ్గురు పోయిన వార్తలు పత్రికలలో మన మందఱము చదివినవే. పట్టుకొన్నవారిని తాకక ముందు మెయిను స్విచ్చి కట్టవలెనని, అది దూరమైనచో ఎండుకఱ్ఱతో నెట్టవలెనని పిల్లలకు గూడ నేర్పవలెను.

వసారాలో నున్న మోటారు స్టార్టరు, ఎండకాలపు ఇనుప కూలరు, నీళ్ళు కాచు కడ్డీ ఇవన్నియు ఈ జాతిలోనివే. కూలరులో నీళ్ళు పోయునపుడు ప్లగ్గు తీయవలెను. కడ్డీ బకెట్టులో నుండగా నీటిలో వ్రేలు పెట్టి చూడరాదు. మీటరు వద్ద నున్న చిన్న స్విచ్చి తానే పడిపోవును గదా యని కొందఱు ధైర్యముగ నుందురు. అది బరువు ఎక్కువైనపుడు పడును; మనుష్యుని దేహముగుండ పోవు కొద్దిపాటి కరెంటుకు పడదు. దానికి వేరుగా 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీని కనిపెట్టి రెప్పపాటులో తెగగొట్టు స్విచ్చి కలదు. ఎర్తు గొయ్యి సరిగ నుండి, ఆ స్విచ్చి కూడ ఉన్నచో భయము చాలవఱకు తగ్గును. ఎర్తు గొయ్యిలో ఉప్పు, బొగ్గు వేసి యెన్నియేండ్లైనదో చాలమందికి జ్ఞాపకముండదు. వేసవిలో దానిలో బిందెడు నీళ్ళు పోయుచుండవలెను. దండెమునకు మాత్రము ఏ ఖర్చును అక్కఱలేదు. నైలాను త్రాటిని రెండు కొయ్య గుంజలకు కట్టి, పాత తీగెను చుట్ట చుట్టి మరల పొలమునకు పంపివేయవలెను.